ఎవరూ లేని ఫోటోలు

ఇంతవరకూ ఎవరికీ చెప్పని మాట ముందే చెప్పేస్తాను. గోదావరి జిల్లాలకు వెళ్ళొచ్చిన దగ్గర్నుంచి మా ఇంట్లో అందరూ, నేను మంచి సంబంధం రావాలని పిఠాపురం అమ్మవారికి ముడుపు కట్టానని నమ్ముతున్నారు. మా అమ్మ ఆ సంగతి పక్కింటావిడకు చెప్పి కళ్ళు కూడా తుడుచుకుంది. నిజానికి ఆ పసుపు గుడ్డలో ఉన్నది నా కెమెరా మెమరీ కార్డు. అది మా చిన్నాయన చేతికి దొరక్కూడదని కట్టాను, అంతే. పెళ్ళి ఊసే లేదు.

ఈ సంగతి నా డైరీలో కూడా రాయలేదు. నలుగురిలో ఒక్క మాట మాట్లాడటం కన్నా నాలుగు పేజీలు రాసుకోవడం నాకు సుఖం. కానీ మా ఇంట్లో డైరీ ఎప్పుడు ఎవరి చేతిలో ఉంటుందో చెప్పలేం. కెమెరా సంగతి అంతకన్నా అన్యాయం. రెండేళ్ళు ట్యూషన్లు చెప్పి, సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్నాను దాన్ని. కొన్నది నేనే అయినా ఇంట్లో దాని హోదా వంటింటి గరిటెది. ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకుంటారు. కడిగి పెట్టే పని మాత్రం నాది.

మేం కదిరి నుంచి ముగ్గురం బయల్దేరాం. మా అమ్మ చెల్లెలు చిన్నమ్మ, ఆమె భర్త చిన్నాయన, నేను. చిన్నాయన మంచివాడే. దారి ఖర్చంతా ఆయనే పెట్టుకున్నాడు. ఆ మాట చెప్పకపోతే అన్యాయం, చెప్పి ఊరుకుంటే నాకు అన్యాయం.

భీమవరం

మా వైపు చెరువంటే వానకోసం నోరు తెరుచుకుని పడుకున్న పల్లం. భీమవరం చుట్టూ పొలాలే చెరువులు. గట్ల మధ్య నీళ్ళు, నీళ్ళలో రొయ్యలు, వాటికి గాలి అందడానికి పగలూ రాత్రీ నీటిని చిలికే చక్రాలు. మా ఊళ్ళో బోరు వేసి నీళ్ళు పడక ఊరొదిలిన వాళ్ళు గుర్తొచ్చి, ఆ నీళ్ళను చూస్తే ముందు సంతోషం కలిగింది, తర్వాత ఎందుకో కొంచెం కోపం వచ్చింది.

చిన్నాయన స్నేహితుడొకాయన అక్కడ చెరువులు చేస్తున్నారు. వాళ్ళింట్లో పొద్దున టిఫిను. పెసరట్టు, దాని కడుపులో ఉప్మా, పక్కన అల్లం పచ్చడి. రెండు తినేసరికే నాకు ఊపిరాడలేదు.

"అదేంటండీ, రెండుతో ఆపేశారు? పిల్లకి మా వంట నచ్చినట్టు లేదు," అంది ఆ ఇంటావిడ.

"చాలండీ, నిజంగా చాలు."

"చాలంటే ఎలాగండీ? ఇది చిన్నదే, చూడండి," అని పళ్ళెం నిండే అట్టు వేసేసింది.

మా ఊళ్ళో వద్దంటే వద్దనే. ఇక్కడ మొదటి వద్దు మర్యాద కింద లెక్క, రెండోది మొహమాటం. మూడోసారి చెయ్యి అడ్డం పెడితే, ఆ చేతి పక్కనుంచి వడ్డిస్తారు. నా మాటను ఇంత ప్రేమగా వినకపోవడం చూసి నవ్వొచ్చింది. ప్రేమ లేకుండా వినకపోవడం ఎలా ఉంటుందో ఆ యాత్రలోనే చూశాను కాబట్టి, ఆవిడ మీద నాకు ఫిర్యాదు లేదు.

చెరువు గట్టు మీద చిన్నాయన కెమెరా అందుకున్నాడు. బటన్ నొక్కి పట్టుకుంటే టకటకా ఇరవై ఫోటోలు పడతాయని ఆయనకు ఎవరో చెప్పారు. చెరువు ముందు చిన్నాయన, స్నేహితుడి కారు ముందు చిన్నాయన, ఐసు ఫ్యాక్టరీ ముందు చిన్నాయన. నేను తీస్తే ఆయన, ఆయన తీస్తే చిన్నమ్మ. మూలన వేలు అడ్డం పడిన వీడియోలు వేరే. సాయంత్రానికి కెమెరా తెర మీద "కార్డు నిండింది" అని వచ్చింది.

ల్యాప్‌టాప్ ఇంట్లో ఉండిపోయింది. బజార్లో ఇంకో కార్డు కొనుక్కుంటానన్నాను.

"దండగ ఎందుకు పాపా?" అన్నాడు చిన్నాయన. "అన్నీ మన ఫ్యామిలీ గ్రూపులో పెట్టేస్తే శాశ్వతంగా ఉంటాయి. ఆ తర్వాత దీంట్లోవి తీసేస్తే మళ్ళా ఖాళీ."

"గ్రూపులో పెడితే క్లారిటీ పోతుంది చిన్నాయనా."

"ఫోన్లో బాగానే కనపడతాది లే."

గ్రూపులోకి వెళ్ళిన ఫోటో ఎండుచేపలాంటిది. ఆకారం ఉంటుంది, బరువుండదు. గోడకు పెట్టుకునేంత పెద్దది చేద్దామంటే ముక్కలు ముక్కలుగా విడిపోతుంది. ఈ మాట ఆయనతో అనాలి. అనలేదు. నా కెమెరాలో చోటు కోసం నేను అనుమతి అడుగుతున్నానని కూడా అప్పుడు తట్టలేదు. గట్టు మీది ఇరవైల్లోంచి మసక ఫోటోలు తీసేసి చోటు చేసుకున్నాను.

ఉప్పాడ

ఉప్పాడకు వెళ్ళింది చిన్నమ్మ చీరల కోసం. అమ్మే ఆయన జరీ చీరలు ఒక్కొక్కటే విప్పి మోకాళ్ళ మీద పరుస్తుంటే, ధర వినగానే చిన్నాయన నీళ్ళు అడిగాడు. "మా ధర్మవరంలో ఇంతకు రెండొస్తాయి," అంది చిన్నమ్మ. "రెండొస్తాయమ్మా, ఇది రాదు," అన్నాడు చీరలాయన శాంతంగా. ఆ బేరం తెగేది కాదని కెమెరా తీసుకుని సముద్రం వైపు నడిచాను.

ఉప్పాడలో సముద్రం ఊరి పక్కన ఉండదు, ఊళ్ళోకి వస్తుంది. ఒడ్డున పెద్దపెద్ద బండరాళ్ళు పోశారు. వాటి వెనక ఇళ్ళు. కొన్నింటికి గోడల్లేవు. కొన్నింటికి మెట్లు మాత్రమే మిగిలాయి. నీళ్ళు రాక ఇళ్ళు వదిలేసిన వాళ్ళను నేను చూశాను. నీళ్ళొచ్చి ఇళ్ళు వదిలేసే వాళ్ళను చూడటం అదే మొదలు.

వల మీద నెత్తళ్ళ చేపలు ఆరబోస్తున్న ఒకామె తలెత్తి చూసింది. "పేపరోళ్ళాండీ?"

"కాదండీ. ఊరు చూడ్డానికి వచ్చాం."

"పోన్లెండి. పేపరోళ్ళు ఫోటోలు తీసుకెళ్ళడమే గాని, ఒక్కటీ తెచ్చిచ్చింది లేదు."

ఆమె పేరు నూకరత్నం. ఇంటాయన పడవ మీద వెళ్తాడు. ఆమె తట్ట ఎత్తుకుని ఊళ్ళమీద చేపలు అమ్ముతుంది. నా మెళ్ళో కెమెరాను కాసేపు చూసి, ఇల్లు చూపిస్తాను రమ్మంది.

సముద్రం వైపు గోడ కూలిపోయింది. తలుపులు తెరిచిన బీరువాలా ఇల్లు లోపలంతా బయటికి కనపడుతోంది. పసుపు రాసిన గుమ్మం, నీలం సున్నం వేసిన గోడ, దాని మీద అడ్డంగా పెద్ద పగులు, పైన తాటి దూలం. సామాను అప్పటికే తమ్ముడి ఇంటికి చేరేసుకున్నారు.

"అమావాస్య పోటుకి ఇది ఉండదండి," అంది నూకరత్నం, రేపు బస్సు రాదు అన్నంత మామూలుగా. "మావాడి సెల్లులో ఉండేయండి ఇంటి ఫోటోలు. వాడు సెల్లు పట్టుకుని పడవెక్కేడు. సెల్లూ ఫోటోలూ కలిసే ములిగిపోయేయి. మీది పెద్ద కెమెరా కదండీ. గోడకి పెట్టుకునేంత వత్తదా?"

"వస్తుందండీ. మీరు గుమ్మం దగ్గర నిలబడండి."

"నేనెందుకండీ?" అని నవ్వింది. "నేనైతే నడిచి ఎటైనా పోతాను. అది రాలేదు కదా. దాన్ని తియ్యండి."

మూడు ఫోటోలు తీశాను. జాగ్రత్తగా, ఒక్కొక్కటే. ప్రింటు వేయించి పంపుతానని మాటిచ్చాను. ఆమె నా నంబరు తీసుకుని, తమ్ముడి ఇంటి చిరునామా చెప్పింది. వద్దంటున్నా గుప్పెడు నెత్తళ్ళు కాగితంలో చుట్టి చేతిలో పెట్టింది. ఆ వాసనకు లాడ్జి దాకా చిన్నమ్మ నాతో మాట్లాడలేదు.

పిఠాపురం

మర్నాడు పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి సంచిలో కెమెరా లేదు. ముందే బయల్దేరిన చిన్నాయన కోసం గుడి దగ్గరికి పరుగెత్తాను. పాదగయ కోనేటికి వెళ్ళే జనాన్నీ, కొబ్బరికాయల కొట్లనూ చిన్నాయన గేటు బయట నిలబడి వీడియో తీస్తున్నాడు. నన్ను చూడగానే ముఖం వెలిగింది.

"కార్డు ఖాళీ చేసినా పాపా! సగానికి సగం చోటు వచ్చింది."

"ఏవి తీసేశారు?"

"మనోళ్ళు ఉన్నవన్నీ గ్రూపులో పెట్టినా. ఎవురూ లేనివి తీసేసినా. రాళ్ళు, వలలు, పడిపోయిన కొంప ఒకటి... ఎవురూ లేని ఫోటోలు ఎవురు చూస్తారు చెప్పు?"

ఎవరూ లేని ఫోటోలు. ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ముల్లులా ఉంది. ఐసు ఫ్యాక్టరీ ముందు కళ్ళు మూసుకున్న చిన్నాయన పదిహేను ఫోటోల్లో ఉన్నాడు, కాబట్టి అక్కడ మనిషి ఉన్నట్టు. ఒక సంసారం బతికిన ఇంట్లో మాత్రం ఎవరూ లేరు. పైగా అడగాలని కూడా ఆయనకు తోచలేదు. అదే పని నేను ఆయన ఫోన్లో చేసి ఉంటే? ఊరంతా తెలిసేది. ఆడపిల్ల వస్తువు మీద ఇంట్లో అందరికీ ఇంత చనువు ఎవరిచ్చారు?

ఇదంతా లోపలే. పైకి మాత్రం, "బ్యాటరీ అయిపోతుంది, ఇవ్వండి చిన్నాయనా," అన్నాను. తీసుకుని, స్తంభం చాటుకు వెళ్ళి కార్డు బయటికి లాగేశాను.

నేను ఎక్కడో చదివాను. కార్డులో ఫోటో తీసేసినంత మాత్రాన అది వెంటనే పోదు. గేటు మీద పేరు చెరిపేస్తే ఇంట్లోవాళ్ళు వెళ్ళిపోరు కదా, అలా. కొత్తవాళ్ళు వచ్చి సామాను దింపితేనే పాతవాళ్ళు పోతారు. కాబట్టి దాని మీద ఇంకేమీ తీయకూడదు. ఒక్క ఫోటో కూడా. చిన్నాయన వీడియో ఇప్పటికే ఎవరి సామాను మీద దిగిందో తెలీదు.

కార్డు తపాలా బిళ్ళంత ఉంటుంది. ఎక్కడ దాచను? సంచి చిన్నమ్మది కూడా. పర్సులో చిల్లర కోసం ఎవరైనా చెయ్యి పెడతారు. అప్పుడు కొట్లో వరసగా వేలాడుతున్న పసుపు గుడ్డలు కనపడ్డాయి. మొక్కుకున్నవాళ్ళు రూపాయి బిళ్ళ మూటగట్టి, మొక్కు తీరేదాకా దాచుకునే ముడుపు గుడ్డలు. మా ఇంట్లో నా డైరీ చదువుతారు, నా ఫోన్ చూస్తారు, నా కెమెరా వాడతారు. ముడుపు మాత్రం ఎవరూ విప్పరు.

కార్డును దాని ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి, పూర్తి అబద్ధం కాకూడదని ఒక రూపాయి కూడా వేసి, మూడు ముళ్ళు బిగించాను. పురుహూతికా అమ్మవారి ముందు నిలబడి ఆమెకు మాత్రం నిజమే చెప్పుకున్నాను.

బయటికి రాగానే చిన్నమ్మ చూసింది. "ముడుపా మ్మే?" అని నా చేతిలోంచి తీసుకుని కళ్ళకద్దుకుంది. "మాకు ఒక మాట చెప్పకపోతివే. పెండ్లి గురించేనా?"

నేను తల దించుకున్నాను. మా ఇంట్లో దాన్ని అవునని చదువుతారు.

గోదావరి దారి

రాజమండ్రి బస్సులో కొబ్బరితోటలు మొదలవగానే చిన్నాయన కెమెరా అడిగాడు. ఇచ్చాను. తెర మీద "కార్డు లేదు" అని వచ్చింది.

"కార్డు యాడ పెట్టినావు?"

"తీసేశాను."

"తీసి యాడ పెట్టినావు?"

నేను కిటికీ వైపు చూశాను. ఆయన సంచి ఒళ్ళో పెట్టుకుని దువ్వెన, సబ్బు డబ్బా, తువ్వాలు ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టాడు. చివరికి చెయ్యి పసుపు మూట మీద పడింది. వేళ్ళతో నొక్కి చూశాడు.

"దాన్ని ముట్టుకోవద్దు!" అని చిన్నమ్మ అరిచింది. "పిల్ల ముడుపు అది!"

పక్క సీట్లో పూలబుట్టతో ఉన్న పెద్దావిడ కూడా వెంటనే కల్పించుకుంది. "అయ్యయ్యో, తప్పండి బాబూ. ఆడపిల్ల మొక్కు మగాళ్ళు తడమకూడదు. ఏ అమ్మవారికండీ?"

"పురుహూతికమ్మకు," అంది చిన్నమ్మ.

"ఆయ్! ఇంకేమండీ, ఏడాది తిరక్కుండా సంబంధం కుదురుద్ది. కాకినాడ కుర్రోడైతే పర్లేదాండీ? మా తోడికోడలి అన్నకొడుకు ఉన్నాడు."

రాజమండ్రి వచ్చేదాకా ఆ కుర్రాడి జీతం, ఎత్తు, వాళ్ళకున్న కొబ్బరిచెట్లు విన్నాను. నా కోపానికి నవ్వు కూడా తోడై కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సిగ్గనుకున్నారు.

బస్సు దిగుతుండగా ఫోన్ మోగింది.

"నేనండీ, నూకరత్నాన్ని. ఉప్పాడ." గాలి హోరు మధ్య ఆమె గొంతు. "అమావాస్య దాకా ఆగలేదండి. ఇందాకటి పోటుకి ముందుగోడా గుమ్మం పోయేయి. ఫోటో ఉంది కదండీ?"

నేను మామూలుగా జవాబు చెప్పడానికి చాలాసేపు తీసుకునే మనిషిని. ఆ రోజు వెంటనే చెప్పాను.

"ఉందండీ."

రాజమహేంద్రవరం

చిన్నమ్మా చిన్నాయనా రేవులో స్నానానికి దిగారు. పుస్తకాల షాపుకి వెళ్ళొస్తానన్నాను. నా పుస్తకాల పిచ్చి తెలుసు కాబట్టి నమ్మారు. పాత పుస్తకాల కొట్టు దారిలోనే ఉంది. దాని ముందునుంచి లోపలికి వెళ్ళకుండా నడిచిపోవడం నా జీవితంలో అదే మొదటిసారి.

ఫోటో స్టూడియో ఆయన కౌంటరు మీద నేను ముడుపు విప్పుతుంటే కళ్ళు పెద్దవి చేశాడు. నా రహస్యం చూసింది ఆయనొక్కడే, అదీ నేను చెప్పి కాదు.

"ముడుపులో మెమరీ కార్డేంటండీ! దేవుడితో ఎడిటింగ్ చేయిస్తారా?"

"డిలీట్ అయిన ఫోటోలు కావాలండీ."

"పెళ్ళాండీ? పెళ్ళి కార్డులే వస్తాయి మాకు. పెళ్ళికొడుకు బావమరిది ఒకడుంటాడు, వాడే నొక్కేస్తాడు."

"పెళ్ళి కాదు. ఒక ఇల్లు."

ఆయన కంప్యూటర్‌కు కార్డు పెట్టి వెతకనిచ్చాడు. తెర మీద పేర్లు లేని ఫోటోలు ఒక్కొక్కటే లేచి రావడం మొదలైంది. అన్నిటికన్నా ముందు లేచి వచ్చింది చిన్నాయనే. చెరువు ముందు, కారు ముందు, భీమవరంలో నేను తీసేసిన ఆ మసక ఫోటోలన్నిట్లో, నవ్వుతూ. పళ్ళు నూరుకున్నాను. తర్వాత వలలు. రాళ్ళు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు.

మూడింటిలో ఒకటి ఆనవాలు లేకుండా పోయింది. ఒకటి ఎంతకీ తెరుచుకోలేదు. మూడోది సగం వచ్చింది. పైన ఆకాశం, పెంకులు, దూలం, నీలం గోడ, దాని మీద పగులు. కింద సగమంతా బూడిద రంగు. గుమ్మం లేదు. సముద్రం కన్నా ముందు మా చిన్నాయన వీడియో వచ్చి తీసుకుపోయింది, కొబ్బరికాయల కొట్ల వీడియో.

"బాధపడకండి," అన్నాడు స్టూడియో ఆయన. "కింద నేను ఫిల్ చేసేస్తాను. మంచి గుమ్మం ఒకటి పెడదాం, పక్కన రెండు కొబ్బరిచెట్లు. ఆ పగులు కూడా తుడిచేస్తే కొత్త ఇల్లులా ఉంటుందండి."

"వద్దు!"

షాపులో ఉన్న ఇద్దరూ తిరిగి చూశారు. నా గొంతు అంత పైకి లేస్తుందని నాకూ తెలీదు. "పగులు ఉండాలి. లేనిది ఏదీ పెట్టొద్దు. ఉన్నంత వరకు ప్రింటు వెయ్యండి."

"సగమేనాండీ?"

"సగమే."

ఆయన భుజాలెగరేసి, పెద్ద సైజు ప్రింటు తీసి అట్టముక్కల మధ్య పెట్టిచ్చాడు. నూట ఎనభై రూపాయలు. పక్క వీధిలో మంచి కార్డు అంతకు రెండింతలు. యాత్ర మొదట్లోనే అది కొనుక్కుని ఉంటే గుమ్మం దక్కేది. మీరు వెళ్తే రెండు కార్డులు తీసుకెళ్ళండి, ఏ రోజు ఫోటోలు ఆ రోజు ఇంకో చోట దాచుకోండి, "గ్రూపులో ఉన్నాయిగా" అనేవాళ్ళకు కెమెరా ఇవ్వకండి. వాళ్ళు ఎంత మంచివాళ్ళైనా సరే.

తిరుగు రైలు గోదావరి వంతెన మీదికి రాగానే పెట్టెలో అందరూ చిల్లర వెతుక్కుని నదిలోకి విసిరారు. నేను స్టూడియోలోనే బయటికి తీసిన ముడుపు రూపాయి వేశాను. చిన్నాయన చెయ్యి చాపాడు.

"కార్డు వేసి కెమెరా ఇటియ్యి పాపా, వంతెన తీస్తా."

"ఇవ్వను చిన్నాయనా."

"ఏం?"

"ఇది నాది. మీరు తీసేసిన ఇల్లు ఇప్పుడు లేదు. కూలిపోయింది."

ఆయన నా వంక చూశాడు. చిన్నమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుంది. "వదిలేయ్. పెండ్లి కావాల్సిన పిల్ల, మనసు ఒక చోట ఉండదు."

కదిరి

వచ్చిన మర్నాడే నూకరత్నం తమ్ముడి ఇంటి చిరునామాకు ఫోటో రిజిస్టర్ పోస్టులో పంపాను. ఆమె ఫోన్ చేసేదాకా నాకు అన్నం సయించలేదు. ఒక మధ్యాహ్నం చేసింది. వెనక పిల్లల అరుపులు, కాగితం చించుతున్న చప్పుడు.

"వచ్చిందండి. ఇదిగో, విప్పేను."

ఆమె ఇంకో మాట అనేలోపే నేనే అందుకున్నాను. తడబడుతూ చెప్పాను. మూడు తీశానని, నా కెమెరా ఇంకొకరి చేతికి పోయిందని, కింద సగం పోయిందని, ఆ రోజు ఉందని చెప్పినప్పుడు నా దగ్గర లేదని.

"కింద సగం సముద్రం కూడా తీసుకుపోయిందిలెండి," అంది నూకరత్నం. ఫోటో వెలుగులోకి తిప్పుకుంటున్నట్టుంది. "పైన దూలం చూడండి. మజ్జలో ఇనప కొక్కెం కనపడతంది కదండీ? ఉయ్యాల కొక్కెం అది. మా ముగ్గురు పిల్లలూ దానికే ఊగేరండి."